ఫోన్, మైకు, కార్డు: ఈ మూడూ చాలవు

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అక్క కొడుకు వారం కిందట నాకో వాట్సాప్ మెసేజ్ పంపాడు. కింద "మామయ్యా, ఇది నిజమేనా?" అని అడిగాడు. అదే మెసేజ్ అంతకుముందు నాలుగైదు గ్రూపుల్లో చూశాను. దాని సారాంశం ఇది: జర్నలిస్టు కావడానికి శిక్షణ అక్కర్లేదు, ఫోనూ లోగో ఉన్న మైకూ చాలు. ప్రెస్ కార్డు ఉంటే ఏ ఆఫీసులోనైనా పని అవుతుంది. పల్లెల్లో వార్తలుండవు, హైదరాబాద్ వెళ్లాలి. మొదట్లో డబ్బులు అడగకూడదు, పేరొస్తే అవే వస్తాయి.

పదకొండేళ్లు మండల విలేకరిగా, ఆ తర్వాత వార్తలు దిద్దే డెస్కులో పనిచేసినవాణ్ని. నాలుగు మాటలూ తప్పే. ఇది నమ్మి పిల్లలు ఈ వృత్తిలోకి వస్తారేమోనని నా బెంగ.

"ఫోన్ చాలు" అన్నది మొదటి మాట. ఫోన్ గొప్ప సాధనమే, కాదనను. 2002లో ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో పత్రికగా మొదలైన ఖబర్ లహరియా ఆడవాళ్లు ఇవాళ ఫోన్లతోనే ఊళ్లు తిరిగి వీడియో వార్తలు చేస్తున్నారు. కానీ విన్నది నిజమో కాదో ఫోన్ చెప్పదు.

నేను చేరిన కొత్తలో రేషన్ బియ్యం లారీ పట్టుబడిన వార్త రాశాను. స్టేషన్లో చెప్పిన పేరు రాసుకున్నాను, తండ్రి పేరు అడగలేదు. ఆ ఊళ్లో అదే పేరు, అదే ఇంటిపేరుతో ఇద్దరున్నారు. మర్నాడు పొద్దున్నే రెండో ఆయన మా ఇంటికొచ్చాడు. జేబులోంచి పేపరు తీసి, నాలుగు మడతలూ విప్పి, నా వార్త మీద వేలు పెట్టాడు. "బాబూ, లారీ సంగతి దేవుడెరుగు, నాకు సైకిలు కూడా లేదు. సాయంత్రం మా అమ్మాయిని చూసుకోవడానికి వస్తున్నారు" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ఆయన వెంట ఆ పెళ్లివారి ఊరెళ్లి, తప్పు నాదని చెప్పి వచ్చాను. సవరణ లోపలి పేజీలో మూడు లైన్లు వచ్చింది. ఆ తర్వాత తండ్రి పేరు, వయసు లేకుండా ఏ కేసు వార్తా పంపలేదు.

చట్టం సంగతీ ఉంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం బాధిత చిన్నారి పేరు, ఫొటో, ఇల్లు, బడి, ఇరుగుపొరుగు వివరాలు ఏవీ బయటపెట్టకూడదు. పెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇది తెలియక ఆ ఇంటి ముందు నిలబడి లైవ్ ఇస్తున్న కుర్రాళ్లను చూస్తున్నాను. ఇలాంటివి డెస్కులో సీనియర్ పక్కన కూర్చుంటే నెలలో తెలుస్తాయి. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటివి రాతపరీక్ష పెట్టి తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పుతాయి.

ఇక కార్డు. మన రాజ్యాంగంలో పత్రికలకంటూ విడిగా హక్కేమీ లేదు. 19(1)(ఎ) అధికరణ కింద పౌరులందరికీ ఉన్న వాక్ స్వాతంత్ర్యమే విలేకరికీ ఉంది. విలేకరికి అధికారిక గుర్తింపు, అంటే అక్రెడిటేషన్, ఇచ్చేది ప్రభుత్వం. డబ్బులు తీసుకుని ఎవరో ఇచ్చే కార్డు కొనకండి.

"పల్లెల్లో వార్తలుండవు" అన్న మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. పత్రికలు ఊరూరా ఆ వార్తలు రాశాయి. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అంత పెద్ద కథ మొదలైంది ఓ పల్లెలోనే. మీ మండలంలో ఉపాధి హామీ మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు ఉన్నాయి, హాస్టల్ బియ్యం లెక్కలున్నాయి. సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర పంచాయతీలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. హైదరాబాద్‌లో ఒకే ప్రెస్‌మీట్‌కు యాభై మైకులుంటాయి. మీ ఊరి హాస్టల్ గురించి అడగడానికి మీరొక్కరే ఉంటారు.

"డబ్బులు అడగకూడదు" అన్నదే అన్నిటికన్నా ప్రమాదం. చేరే రోజే అడగండి: నెలకెంత, పెట్రోలు ఎవరిది, ఇన్ని యాడ్స్ తేవాలన్న టార్గెట్ ఉందా. జవాబు కాగితం మీద తీసుకోండి. సరిపోకపోతే ట్యూషన్ చెప్పుకోండి, వ్యవసాయం చూసుకోండి. అందులో నామోషీ లేదు.

నేను అడగలేదు. అచ్చయిన వార్తల కొలత చూసి నెలకు కొంత ఇచ్చేవారు, పెట్రోలుకే చాలేది కాదు. పండగలకు మాత్రం యాడ్స్ తేవాలి. ఓ ఉగాదికి ఒక సర్పంచి దగ్గర చేయి చాచాను, కాదనకుండా ఇచ్చాడు. ఆ ఎండాకాలంలోనే వాళ్ల ఊరి ఆడవాళ్లు నన్ను పిలిచి, బిల్లు డబ్బులు ఎత్తేసి సగంలో వదిలేసిన నీళ్ల ట్యాంకు చూపించారు. ఫొటోలు తీసుకున్నాను, పేర్లు రాసుకున్నాను, తండ్రి పేర్లతో సహా. ఆ వార్త పంపలేకపోయాను.