పైపు రెండో కొస ఎక్కడుంది నాయనా?

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపు, తర్వాత బావ, నిన్న మా పిన్ని. "చెన్నై పోర్టు పనైపోయింది. బొగ్గు పోయింది, కంటైనర్లన్నీ కొలంబో పాలు, పెట్రోలు పైపుల్లో వస్తోంది. పోర్టు మూసేసి రెండో మెరీనా బీచ్ కట్టాలి. పది మందికి పంపండి." ప్యారీస్ కార్నర్‌లో, పోర్టు సరుకుకు కస్టమ్స్ పనులు చూసే క్లియరింగ్ ఏజెంటు దగ్గర పద్నాలుగేళ్లుగా అన్నం తింటున్నవాణ్ణి, నాకే పంపుతారా!

బొగ్గు పోయింది, నిజమే. హైకోర్టు చెబితే 2011లో బొగ్గు, ఇనుప ఖనిజం ఇక్కణ్ణుంచి కదిలాయి. పోర్టు పక్కనే ఉన్న రాయపురంలో ఆరేసిన పంచెలు నల్లబడేవి, పీడా పోయింది. శ్రీపెరుంబుదూరు పక్క తయారైన కార్లను ఒక్కొక్కటే నడుపుకుంటూ ఓడ కడుపులోకి ఎక్కించేది ఇప్పటికీ ఇక్కడే.

కొలంబో సంగతి. మొన్న గుంటూరు మిర్చి కంటైనర్ తలుపు తీస్తే తనిఖీకి వచ్చినాయన, నేను, లోడింగ్ కుర్రాడు ముగ్గురం తుమ్మి తుమ్మి చచ్చాం. ఆ మిర్చి ఇక్కడ చిన్న ఓడ ఎక్కి, కొలంబోలో పెద్ద ఓడకు మారింది. విజయవాడలో రైలు మారితే మనం ఎక్కిన స్టేషను మాయమైపోతుందా? అక్కడ దింపి ఎక్కించే డబ్బులు మనకు రావడం లేదన్న ఏడుపు వేరు.

ఇక పైపు. ఇది రాసిన మహానుభావుడికి దండం. మణలి రిఫైనరీకి ముడిచమురు పైపులోనే వెళ్తుంది, ఒప్పుకున్నాం. ఆ పైపు రెండో కొస ఎక్కడుంది నాయనా? పోర్టులో, భారతి డాక్ దగ్గర! ట్యాంకర్ ఓడ వచ్చి దించితేనే అందులోకి చుక్క దిగేది. మా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి కదా, చెన్నైకి నీళ్లిచ్చే పూండి చెరువు పూడ్చి ప్లాట్లు వేసేద్దామా? కృష్ణా నీళ్లు కూడా కుళాయిలోనే పుడతాయేమో కనుక్కోండి.

రెండో మెరీనా అంట. ఉన్న మెరీనాకు అంత ఇసుక ఎవరిచ్చారనుకున్నారు? ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సముద్రంలోకి హార్బరు గోడలు కట్టేసరికి అది అక్కడే ఆగి, దక్షిణాన మేట వేసింది. మీరు సుండల్ గుగ్గిళ్లు తింటూ కూర్చునేది ఆ మేట మీదే.

కానీ ఆగిన ఇసుక ఉత్తరానికి అందలేదు. అక్కడ సముద్రం తీరాన్ని కోసుకుంటూ పోయింది, ఇళ్లు పోయాయి. రాయపురం నుంచి ఎన్నూరు వైపు వెళ్తే ఒడ్డున ఇసుక బదులు బండరాళ్లు కనిపిస్తాయి. మెసేజ్‌లో ఈ నేరం మోపి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. పిన్నీ, ఆ రాళ్ల ఫోటో పంపుతున్నాను. ఫార్వర్డ్ చేయకపోతే నిద్ర పట్టదంటే అది చెయ్యి.