షుగర్ లేనివాళ్లకూ షుగర్ పడిపోతుంది

షుగర్ జబ్బు లేకపోయినా క్లోమంలోని ఇన్సులినోమా అనే గడ్డ వల్ల షుగర్ పడిపోతుందని వివరంగా రాసిన డాక్టరు గారికి ధన్యవాదాలు. గుంటూరులో మా మేనత్తకు వచ్చింది ఇదే. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, పొంతన లేని మాటలు. ఫిట్స్ అనుకుని చాలాకాలం మందులు వాడించారు. తాయెత్తు కట్టినవాళ్లూ ఉన్నారు! పంచదార నీళ్లు తాగిస్తే కాసేపటికి “ఏంట్రా, అందరూ ఇట్లా నిలబడ్డారు?” అని అడిగేది. ఒకసారి ఆ సమయంలోనే గ్లూకోమీటరుతో చూస్తే 38.

వ్యాసంలో స్కాన్ల గురించే ఎక్కువ రాశారు. ముందు కావాల్సింది రక్తపరీక్ష అని నా మనవి. ఆసుపత్రిలో చేర్చుకుని 72 గంటల వరకు ఉపవాసం ఉంచుతారు. ఇది ఇంట్లో చేసేది కాదు, ప్రాణానికే ముప్పు. గ్లూకోజ్ 55 కంటే కిందికి దిగినప్పుడు అదే రక్తంలో ఇన్సులిన్, సి-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు దాంతోపాటే వచ్చే పదార్థం) చూస్తారు. అవి తగ్గకుండా ఉంటే ఇన్సులిన్ ఒంట్లోనే అదుపు లేకుండా తయారవుతున్నట్టు. షుగర్ పడిపోయింది ఇన్సులిన్ ఇంజక్షన్ వల్ల అయితే సి-పెప్టైడ్ తగ్గిపోతుంది. కొన్ని షుగర్ మాత్రలు పొరపాటున మింగినా రెండూ పెరుగుతాయి, అందుకే ఆ మాత్రలు రక్తంలో ఉన్నాయేమో చూసే పరీక్షా చేయించాలి.

గడ్డ చాలామందిలో 2 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. అత్తకు సీటీలో కనపడలేదు, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో (నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్) దొరికింది. పేరు వినగానే క్యాన్సరని టెన్షన్ పడతారు గానీ, దాదాపు పదిలో తొమ్మిది క్యాన్సర్ కావు, ఆపరేషన్‌తో పోతాయి. ఆపరేషన్ కుదరనివారికి ఇన్సులిన్ విడుదలను తగ్గించే డయాజాక్సైడ్ మాత్రలు ఇస్తారు. వాటి గురించి కూడా డాక్టరు గారు ఇంకో వ్యాసం రాస్తే బాగుంటుంది.