ఇంగ్లీషుకి వరసలు లేవని ఎవరన్నారు?

"ఇంగ్లీషులో ఏముందండీ, అంకుల్, ఆంటీ. అవి దాటితే సార్, మేడమ్. మనకున్నన్ని పిలుపులు వాళ్లకెక్కడివి?" మొన్న ఒక పెళ్లిలో పక్క కుర్చీ పెద్దాయన ఈ మాటంటే చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపారు. భోజనాల వేళ కదా అని అప్పుడు ఊరుకున్నాను గానీ, ఇక్కడ కక్కేస్తున్నా.

నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్ చదవడానికి దిగిన మొదటి వారం. బస్సెక్కి టికెట్ చూపిస్తే డ్రైవర్ "టా, డక్" అన్నాడు. టా అంటే థాంక్స్, అది సరే. నాకు తెలిసిన డక్‌లు రెండే: చెరువులో బాతు, సున్నాకి అవుటైన బ్యాట్స్‌మన్. ఈయన నన్ను ఏ లెక్కన అన్నాడా అని రూముకొచ్చేదాకా ఒకటే ఆలోచన. మర్నాడు బేకరీలో ఆవిడ కూడా "అయప్, మి డక్" అంది. సరే, నాకేదో ముద్ర పడిపోయింది అనుకునేలోపు, నా వెనక నిలబడ్డ ఆరడుగుల ముసలాయన్నీ అలాగే పలకరించింది. అప్పుడు ప్రాణం కుదుటపడింది. నాటింగ్‌హామ్, డెర్బీ, స్టోక్ చుట్టుపక్కల అది మన "అమ్మా", "బాబూ" లాంటిది. నవ్వొస్తోందా? అయిదేళ్ల పిల్లాడి వెంటపడి "ఒక్క ముద్ద తిను నాన్నా" అని బతిమాలేవాళ్లం మనం. బాతు దగ్గర నవ్వితే ఎలా?

ఊరు మారితే పిలుపు మారిపోతుంది. న్యూకాసిల్‌లో "పెట్", బర్మింగ్‌హామ్‌లో "బ్యాబ్". బ్రిస్టల్ వైపు వయసు మళ్లినవాళ్లు "ఆల్రైట్, మై లవర్" అంటారు. కంగారు పడకండి, క్షేమమే అడుగుతున్నారు.

నాకు అసలు మంట ఎక్కడంటే, ఉత్తర ఇంగ్లండ్‌లో ఇంటివాళ్ల గురించి చెప్పేటప్పుడు "అవర్ సారా", "అవర్ జాన్" అంటారు. మాంచెస్టర్‌లో అన్నయినా తమ్ముడైనా "అవర్ కిడ్". అచ్చం మన "మా సరళ", "మావాడు". ఎనిమిదో క్లాసులో నేను "అవర్ రవి" అని రాస్తే మా ఇంగ్లీషు మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి, "తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయకు" అని బెంచీ ఎక్కించారు. మాస్టారూ, నేను ఆలోచించింది మాంచెస్టర్‌లోనండీ! మనం ఫీజులు కట్టి నేర్చుకున్నది ఆఫీసు ఉత్తరాల ఇంగ్లీషు. అందులో వరసలు ఉండవు, నిజమే. మన జీవోల్లో మాత్రం "ఏరా బావా" అని రాస్తారా?

ఆ మాటకొస్తే ఐర్లండ్‌లో చాలా సర్కారు ఉత్తరాలు "అ ఖారా" అనే ఐరిష్ మాటతో మొదలవుతాయి. మిత్రమా అని అర్థం. పన్ను కట్టమనే ఉత్తరమైనా మిత్రమా అనే.

నాకు ఉద్యోగం ఆ ఐర్లండ్‌లోనే, కార్క్ అనే ఊళ్లో వచ్చింది. రెండో రోజు పక్క సీటావిడ "యువర్ మ్యాన్ వాజ్ హియర్ అబౌట్ ద ప్రింటర్" అంది. నాకు చెమటలు పట్టాయి. మా ఆయన గుంటూరులో ఉన్నాడు, చెప్పాపెట్టకుండా ఎప్పుడు దిగాడు? దిగితే దిగాడు, ప్రింటర్‌తో ఏం పని? తీరా చూస్తే "యువర్ మ్యాన్" అంటే ఊరికే "ఆయన" అని, ఫలానా మనిషి అని. మన ఆడవాళ్లూ "ఆయన" అంటే మొగుడనేగా అర్థం చేసుకుంటారు, నా తప్పేముంది?

అలాగని ప్రతి పిలుపుకీ మురిసిపోను. నాటింగ్‌హామ్‌లో పార్ట్‌టైమ్ చేసిన చోట మేనేజర్, నాకంటే చిన్నవాడు, మగవాళ్లని పేరుతో పిలిచి ఆడవాళ్లని మాత్రం "లవ్" అనేవాడు. బేకరీ ఆవిడ అంటే చలికాలం టీ తాగినట్టుండేది. వీడంటే ఒళ్లు మండేది. మన దగ్గర కూడా "ఏమ్మా" అనే మాటని ఎన్ని రకాలుగా అనొచ్చో ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది.

కార్క్‌లో మగవాళ్లంతా "బాయ్", ఆడవాళ్లంతా "గర్ల్". వయసుతో పని లేదు. పోయినేడు మా అమ్మ వచ్చినప్పుడు ఇంగ్లీష్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. చేపలమ్మే ఆవిడ పొట్లం కట్టిచ్చి "థాంక్స్, గర్ల్" అంది. మా అమ్మకి అరవై రెండు. ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ ఆ ఒక్క మాటా తెలుసు. "నన్నేనా అంది?" అని నా చెవిలో అడిగింది. నిన్నే అన్నాను. జుట్టు సర్దుకుని, ఇంకో అరకిలో తూయమని చెప్పింది.