తూము తీసిన పాపం

పద్మాక్షి గుట్ట దగ్గర మా మేనకోడలు ఆడిన సద్దుల బతుకమ్మ ఫొటో, దసరా వెళ్లి ఇంటింటా జమ్మి పంచుకోవడం కూడా అయిపోయిన నాలుగు రోజులకు గానీ నాకు కనిపించలేదు. ఈలోగా ఆ ఫొటో దాచుకున్న పెద్ద సోషల్ మీడియా కంపెనీ వారు నాకు పరుపుల ప్రకటనను మాత్రం పద్నాలుగు సార్లు చూపించారు. ఇక అక్కడ ఉండేది లేదని ఆ రాత్రే నిశ్చయించుకున్నాను.

దారి చూపినవాడు కాజీపేటలో ఉండే నా మిత్రుడు. 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో విడుదల చేసిన మాస్టొడాన్ అనే వేదిక ఉందనీ, ఆ పేరు ఎప్పుడో అంతరించిన ఏనుగులాంటి జంతువుదనీ, దానికి ఒక్క యజమాని అంటూ ఎవరూ ఉండరనీ చెప్పాడు. యజమాని లేని ఇల్లు ఎట్లా నడుస్తుందని నేను అడిగినప్పుడు, అతడు మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులను ఉదాహరణగా తీసుకున్నాడు. మన ఖాతాలూ రాతలూ ఉండే కంప్యూటరును సర్వరు అంటారట, ఒక్కో సర్వరు ఒక్కో ఊరి చెరువట. దాన్ని చూసుకునే నిర్వాహకుడు నీరటికాడట. ఒక చెరువు మత్తడి పోస్తే కింది చెరువుకు నీళ్లు చేరినట్లు, 2018లో ప్రమాణంగా ఆమోదం పొందిన యాక్టివిటీపబ్ అనే ఏర్పాటు వల్ల ఒక సర్వరులోని మాట ఇంకో సర్వరుకు పోతుందట. నీళ్లు ఎటు పారతాయో తెలియకుండా తూము తీయొద్దని కూడా అన్నాడు. అది వర్ణనలో భాగమనుకున్నాను.

నేను ఎంచుకున్న సర్వరు వారు ఎందుకు చేరదలచారో రాయమన్నారు. ముప్పై రెండేళ్లు గుమాస్తాగా పనిచేసిన చేయి ఊరుకుంటుందా? ‘గౌరవనీయులైన నిర్వాహకుల దివ్యసముఖమునకు’ అని మొదలుపెట్టి, నా ఉద్యోగ చరిత్రతో సహా ఒక దరఖాస్తు సమర్పించుకున్నాను. మంజూరు కావడానికి రెండు రోజులు పట్టింది. పాత చోట ఉన్న ఆరువందల మంది బంధుమిత్రులను పేరుపేరునా పిలిస్తే, వచ్చినవాడు ఒక్కడే. అతడు మా బావమరిది, పండుగకని వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు గనుక ప్రయాణ ఖర్చు లేకుండా చేరిపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, గుండె బరువు దించుకుందామని కాజీపేట మిత్రుడికి ఆంతరంగికంగా ఒక సందేశం రాశాను. వారం రోజులకని వచ్చిన మనిషికి నేటితో ఇరవై మూడు రోజులనీ, నిన్నటి మటన్ కూరలో నల్లి బొక్కలన్నీ ఆయన పళ్లెంలోకే నడిచి వెళ్లాయనీ, నాకు మిగిలింది పులుసేననీ వివరించి, ఆ మనిషి ఎవరో సందేహం రాకుండా ఎట్ (@) గుర్తు పెట్టి మరీ ఆయన ఖాతా పూర్తి చిరునామా రాశాను. ఈ ఊళ్లో అది మర్యాద అనుకున్నాను. రాసే పెట్టె కిందనే ఏదో హెచ్చరిక కనిపించింది గానీ, రేషన్ కార్డు వెనుక నిబంధనలను చదివినంత శ్రద్ధగానే దాన్నీ చదివాను.

మాస్టొడాన్‌లో ఆంతరంగిక సందేశమంటే వేరే ఉత్తరాల పెట్టె కాదు. అందులో ఎవరి చిరునామా గుర్తుతో సహా ఉంటే వారందరికీ అది చేరుతుంది. పక్క గదిలో ఫోను ఠింగుమంది. అప్పటిదాకా చెంచాతో సీతాఫలం గీరుతున్న చప్పుడు ఆగింది. ఒక గింజ పళ్లెంలో పడిన శబ్దం కూడా నాకు స్పష్టంగా వినిపించింది.

“ఇరవై మూడు కాదు బావా, ఇరవై ఒక్కటే. నడుమ రెండు దినాలు జనగామ పోయిన.”

వణికే వేలితో సందేశాన్ని చెరిపేశాను. చెరిపేయమన్న కబురు నా సర్వరు నుంచి ఆయన సర్వరుకు వెళ్లి ఉంటుంది గానీ, ఆయన బుర్రకు వెళ్లే ఏర్పాటు ఎవరూ చేయలేదు. ఇంతలో ఫోను మళ్లీ ఠింగుమంది. ‘ఆయన నీ పెళ్లినాడు కూడా అంతే, రెండు బంతుల్లో కూర్చున్నాడు’ అని మిత్రుడు నన్ను ఓదార్చాడు. జవాబులో ఇద్దరి చిరునామాలూ వాటంతటవే వచ్చి చేరతాయని, నాకు చెరువుల పాఠం చెప్పిన ఆ పెద్దమనిషీ గమనించుకోలేదు.

బావమరిది ఏమీ అనలేదు. సీతాఫలం ముగించి, చేతులు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లి వాళ్ల అక్కకు ఫోను చూపించాడు. ఆ సాయంత్రమే మా ఆవిడ నా సర్వరులోనే ఖాతాకు దరఖాస్తు చేసుకుంది. ఎందుకు చేరదలచారన్న చోట ‘మావారు రాసేవి చూడాలి’ అని రాసింది. పది నిమిషాల్లో మంజూరైంది.