సముద్రం మీద పోటు

బ్రహ్మోత్సవాల రద్దీలో తిరుమల క్యూలైన్లో నిలబడ్డవారికి ఇది కొత్త కాదు. లైను కదులుతూనే ఉంటుంది, శ్రీవారి సేవకులు పాలు, మజ్జిగ, అన్నప్రసాదం చేతికి అందిస్తూనే ఉంటారు. ఆకలేసిందని బయటికి పోతే మళ్లీ వరుస చివరికే. నడిసముద్రంలో యుద్ధనౌకల పరిస్థితీ ఇంతే. డీజిల్ కోసం రేవుకు తిరిగొస్తే కాపలా కాస్తున్న చోటు ఖాళీ అవుతుంది. కాబట్టి రేవునే వాటి దగ్గరికి పంపుతారు. యుద్ధనౌకలకు ఇంధనం, సరుకులు మోసుకెళ్లే ఫ్లీట్ ట్యాంకర్లు చేసే పని అదే. శ్రీవారి వంటశాలను పోటు అంటారు కదా, ఇవి సముద్రం మీద పోటు అన్నమాట.

ఆ పని చూడ్డానికి తేలిక, చేయడానికి టెన్షన్. ట్యాంకరూ, యుద్ధనౌకా నలభై, యాభై మీటర్ల ఎడంతో ఒకే దిక్కుకు, ఒకే వేగంతో సాగాలి. ముందు తుపాకీతో సన్నని తాడు అవతలికి పేలుస్తారు. దాని వెంట లావు తాడు, ఆపైన ఉక్కు తీగ, చివరికి గొట్టం వెళతాయి. మధ్యలో ఇరుకున పడిన నీరు వడిగా పారి రెంటినీ దగ్గరికి లాగుతుంది. చుక్కాని పట్టినవాడు గంటల తరబడి ఏమరకూడదు. తేడా వస్తే ఉన్నపళంగా గొట్టం విడిపించుకొని పక్కకు తప్పుకోవాల్సిందే.

ఇంత కీలకమైనవి మన నౌకాదళానికి ఉన్నవి జ్యోతి, ఆదిత్య, దీపక్, శక్తి. రెండు తీరాలకూ కలిపి నాలుగే! ముందుండి యుద్ధం చేయని ఓడ మీద ఎవరికి మోజు? కోల్‌కతాలో కట్టిన ఆదిత్య 1993లో నీళ్లలోకి దిగి, విధుల్లో చేరేసరికి 2000 అయింది. తర్వాతి రెండింటినీ ఇటలీలో కట్టించుకున్నాం. ఇదే పని చేసే, ఒక్కోటి 44 వేల టన్నుల అయిదు కొత్త నౌకల కోసం విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుతో 2023 ఆగస్టులో సుమారు రూ.19 వేల కోట్ల ఒప్పందం కుదిరింది. 2024 ఏప్రిల్‌లో ఉక్కు కోతతో నిర్మాణం మొదలైంది. 2027 మధ్య నుంచి అప్పగించాలన్నది గడువు. ఆదిత్య కథ పునరావృతం కాకూడదు.

తిరుపతికి ఇందులో పనేమిటంటారా? మన జిల్లాకూ సముద్రం ఉంది. వాకాడు మండలం దుగరాజపట్నంలో పెద్ద రేవు కడతామని, తొలి దశ 2018 చివరికి పూర్తవుతుందని విభజన చట్టంలోనే రాశారు. పక్కనే శ్రీహరికోట ఉందన్న అభ్యంతరాల మధ్య అది కాగితం దాటలేదు. ఇప్పుడు అక్కడే నౌకా నిర్మాణ కేంద్రం అంటున్నారు. సంతోషమే. కానీ శిలాఫలకం కంటే ముందు మనుషులు కావాలి. ట్యాంకరంటే సగం పైపులు, పంపులు, వాల్వులే. వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు లేకుండా ఏ యార్డూ నడవదు. విశాఖలో ఆ అయిదు నౌకల పని సాగుతుండగానే మన ఐటీఐ పిల్లలను అప్రెంటిస్‌లుగా అక్కడికి పంపే ఏర్పాటు రాష్ట్ర ప్రభుత్వం చేయాలి. మొదటి బ్యాచ్ ఈ విద్యా సంవత్సరంలోనే బయల్దేరాలి.