థార్‌లో ఖాళీ భూమి ఎక్కడుంది?

రాజస్థాన్ అనగానే మనకు కోటలు, ఒంటెలు, ఇసుక తిన్నెలు గుర్తొస్తాయి. టూరిజం ప్రకటనల్లో కనిపించేవీ అవే. నన్నడిగితే, జైసల్మేర్, బాడ్‌మేర్ లాంటి చోట్ల జనం వందల ఏళ్లుగా ఎలా బతుకుతున్నారన్నదే ఆ రాష్ట్ర చరిత్రలో అసలు విశేషం. జైసల్మేర్‌లో సగటున ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అయినా ప్రపంచంలో జనసాంద్రత బాగా ఎక్కువగా ఉన్న ఎడారుల్లో థార్ ఒకటి.

అక్కడివాళ్ల లెక్కలో నీళ్లు మూడు రకాలు. వానకు కుంటల్లో చేరేది పాలర్ పానీ. లోతు బావుల్లో ఉండేది పాతాళ్ పానీ, అది చాలాచోట్ల నోట పెట్టలేనంత ఉప్పగా ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యన ఉండేది రెజాణీ పానీ. కొన్ని ప్రాంతాల్లో ఇసుక కింద జిప్సం పొర ఉంటుంది. ఇంకిన వాన నీరు ఆ పొర దాటి ఉప్పు నీళ్లలో కలవకుండా, ఇసుకలోనే తేమగా నిలుస్తుంది. ఆ తేమ కోసం తవ్వే సన్నని బావిని కుంయీ అంటారు. మనిషి ముడుచుకుని కూర్చునేంత వెడల్పే దానికి. అంతకన్నా పెంచితే ఊరిన కాసిని నీళ్లూ పరుచుకుని ఆవిరైపోతాయి. లోపలివాడు పొట్టి పనిముట్టుతో తవ్వుతుంటే, గాలి ఆడేందుకు పైనున్నవాళ్లు గుప్పెళ్లతో ఇసుక విసురుతారు. అది తలకు తగలకుండా అతను లోహపు టోపీ పెట్టుకుంటాడు. ఇంత కష్టపడితే రోజుకు దక్కేది రెండు మూడు కుండల తీపి నీళ్లు.

2006 ఆగస్టులో బాడ్‌మేర్ జిల్లా కవాస్‌ను వరద ముంచెత్తినప్పుడు, ఆ జిప్సం పొర వల్లే నీళ్లు ఎంతకీ ఇంకలేదు. నేల సంగతి తెలియకుండా ఎడారిలో ఏ పథకమూ వేయకూడదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

చెట్టు విషయంలోనూ వాళ్లది అంతే పట్టుదల. మనం దసరాకు పూజించే జమ్మి చెట్టే అక్కడి ఖేజ్డీ. దాని ఆకు మేకలకు మేత, లేత కాయలు సాంగ్రీ కూర. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకుని, చెట్లనూ జంతువులనూ కాపాడటమే ధర్మమనుకునే బిష్ణోయి శాఖవాళ్లు 363 మంది చెట్లను వాటేసుకుని ప్రాణాలిచ్చారు.

ఇప్పుడు అదే నేలలో సోలార్ ప్లాంట్ల కోసం ఖేజ్డీలు కొట్టేస్తున్నారు. సౌర విద్యుత్ మనకు కావాలి, అందులో రెండో మాట లేదు. 2,245 మెగావాట్ల భడ్లా పార్కు దేశానికి గర్వకారణమే. నా అభ్యంతరమల్లా స్థలం ఎంపిక మీదే. ఊళ్లవాళ్లు దేవుడి పేరున వదిలి, గొడ్డలి పెట్టకుండా కాపాడుకున్న ఓరణ్‌లు చాలావరకు రెవెన్యూ రికార్డుల్లో ప్రభుత్వ బంజరుగా ఉన్నాయి. కంపెనీలకు అవి ఖాళీ భూములు. పశువుల కాపరులకు అవే బతుకుదెరువు. బట్టమేక పిట్టకు మిగిలిన ఆఖరి చోట్లలో ఈ గడ్డి నేలలూ ఉన్నాయి. దేశంలో ఆ పక్షులు 150 కూడా లేవు. బరువైన ఆ పక్షికి ఎదురుగా ఉన్న కరెంటు తీగలు సరిగ్గా కనిపించవు, తగిలి చచ్చిపోతోంది. దాని కోసమే అభయారణ్యం పెట్టిన మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఇప్పుడది కనిపించడమే గగనం.

ఓరణ్‌లను సర్వే చేసి అడవులుగా నోటిఫై చేయాలని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్‌ను ఆదేశించింది. నన్నడిగితే, ఆ సర్వే పూర్తయ్యేదాకా ఓరణ్ భూముల్లో కొత్త లీజులు ఇవ్వకూడదు. సర్వే బృందంతో పాటు కాపరులూ నడవాలి. ఎండాకాలపు శాటిలైట్ ఫొటోలో చెట్లు కనబడతాయేమో గానీ, నాలుగు చినుకులు పడితే ఎక్కడ గడ్డి లేస్తుందో, ఏ దారిన మందలు వెళ్తాయో, ఏ ఇసుక కింద కుంయీ ఉందో చెప్పగలిగేది వాళ్లే.