ముందు చోటు చెప్పండి, తర్వాత గోడు చెప్పండి

"100కి ఫోన్ చేస్తే వంద ప్రశ్నలు అడుగుతారు, ఈలోగా మనిషి పోతాడు." ఈ మాట ఎవరో ఒకరు పోస్ట్ పెడతారు, కింద అందరూ అవునవునంటారు. చదివిన ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే ఈ మాట నమ్మినవాళ్లు రెండో ప్రశ్నకే విసుక్కుని ఫోన్ పెట్టేస్తారు. మళ్లీ చేస్తే ఆ కాల్ ఇంకొకరికి వెళ్తుంది, కథ మొదటికొస్తుంది. ఒకే గొడవకు కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద రెండు ఈవెంట్లు, అంటే రెండు వేర్వేరు కేసులు తయారవుతాయి. ఆ రెండూ ఒకటేనని తేల్చుకునేసరికి మీరు మిగిల్చాననుకున్న సమయం కాస్తా పోతుంది.

చాలామందికి తెలియనిది ఒకటుంది. మీతో మాట్లాడే మనిషి, బండిని పంపే మనిషి ఒకరు కారు. 100 కొట్టినా 112 కొట్టినా మీ మాట వినేది కాల్ టేకర్. వింటూనే టైప్ చేస్తారు. చోటు, విషయం పడగానే అది డిస్పాచర్ ముందుకు వెళ్తుంది. మ్యాప్‌లో గస్తీ తిరిగే ఏ పెట్రోల్ కారు దగ్గర్లో ఉందో, ఏది ఖాళీగా ఉందో చూసి డిస్పాచర్ దానికి పని అప్పగిస్తారు. కార్లో ఉన్న ట్యాబ్ మోగుతుంది. అంటే "వాడి చేతిలో కత్తి ఉందా, కర్ర ఉందా?" అని మిమ్మల్ని అడుగుతున్న సమయానికి బండి బయల్దేరి ఉండొచ్చు. ఆ ప్రశ్న బండిలో ఉన్నవాళ్ల కోసం. పెట్రోల్ కార్లో వచ్చేది ఇద్దరో ముగ్గురో. ఎదురుగా ఏముందో తెలియకుండా వాళ్లను దించడం అన్యాయం.

బండి అసలు కదలలేనిది చోటు తెలియనప్పుడు. అప్పుడు మిగతా వివరాలన్నీ ఉన్నా ఉపయోగం లేదు.

"ఫోన్ చేస్తే లొకేషన్ వాళ్లకే కనిపిస్తుంది కదా" అనుకుంటారు. స్క్రీన్ మీద పడేది చాలాసార్లు టవర్ ఇచ్చే అంచనా. పట్టణాల్లో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి కొన్ని వీధుల తేడాతో సరిపోతుంది. పల్లెల్లో అదే తేడా కిలోమీటర్లలో ఉంటుంది. 112 ఇండియా యాప్‌లోంచి నొక్కితే జీపీఎస్ వెళ్తుంది, అది మేలు. కానీ ఆ యాప్ ఎంతమంది ఫోన్లలో ఉంది? పైగా జీపీఎస్‌కు మూడో అంతస్తా, ఐదో అంతస్తా తెలియదు.

రాష్ట్రాల సరిహద్దులో ఇంకో చిక్కు. కోదాడ, జగ్గయ్యపేట మధ్య ఎక్కడో నిలబడి ఫోన్ చేస్తే, మీ ఫోన్ ఏ రాష్ట్రం టవర్ పట్టుకుంటే ఆ రాష్ట్రానికే కాల్ వెళ్లొచ్చు. అక్కడివాళ్లు ముందు జిల్లా పేరే అడగాలి. మీకు అది పిచ్చి ప్రశ్నలా వినిపిస్తుంది. వాళ్లకు మాత్రం కాల్‌ను ఎవరికి మళ్లించాలో తేల్చేది అదే.

ఊరి పేరు ఒక్కటీ చెప్పి ఆగిపోకండి. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? రామాపురం అంటే ఏ రామాపురం? మండలం కలిపి చెప్పండి. "గాంధీ బొమ్మ దగ్గర", "అంబేద్కర్ విగ్రహం దగ్గర" అంటే ఆ విగ్రహం లేని ఊరేది? మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద దుకాణాల వాళ్లను చూడండి, బోర్డు మీద అడ్రసంటే పిల్లర్ నంబరే. అంత స్పష్టంగా చెప్పే అలవాటు మనకు వ్యాపారంలో ఉంది, ఆపదలో పోతోంది. మెట్రో పిల్లరైనా, హైవే కిలోమీటరు రాయైనా, దుకాణం బోర్డు మీద అడుగున రాసిన ఊరి పేరైనా పైకి చదివేయండి.

హైవే మీదైతే ఎటు వైపో చెప్పకపోతే పని సగమే అయినట్టు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, నడుమ డివైడర్. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి వెళ్లే వైపు కారు బోల్తా పడిందనుకోండి. అంబులెన్స్ ఎదురు వైపున వచ్చిందంటే, పడిన కారు కళ్లముందు కనిపిస్తున్నా ఇవతలికి రాలేదు. తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లి, దిగి, మళ్లీ ఎక్కి రావాలి. నెత్తురు పోతున్న మనిషికి ఆ కిలోమీటర్లు ఎంత దూరమో ఆలోచించండి. "ఎటు నుంచి ఎటు వెళ్తున్నారు?" అని అడగడం అందుకే.

108 సంగతీ అంతే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవలో ఫోన్ లైన్ మీద ఉండమనడానికి కారణం ఉంది. ఊపిరి ఆగిన మనిషికి బండి వచ్చేలోగా ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. అది ఫోన్లో చెప్పించుకుంటూ ఎవరైనా చేయొచ్చు. ఫోన్ పెట్టేసి చుట్టాలకు కబురు చేస్తూ కూర్చుంటే ఎవరు చెబుతారు?

ఇంట్లో కొడుతున్న మనిషి పక్కనే ఉంటే ఆడవాళ్లు నోరు విప్పలేరు. అప్పుడు "అవును", "కాదు" చాలు. అనుభవమున్న కాల్ టేకర్ ప్రశ్నలను దానికి తగ్గట్టే మారుస్తారు. చోటు మాత్రం ఎలాగోలా నోటి నుంచి రావాలి.

తప్పంతా జనానిదే అనడం లేదు. చోటు చెప్పడం తేలిక చేసే పని ప్రభుత్వాలు పూర్తి చేయలేదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల మీద నంబర్లు రాసి ఉంటాయి. ప్రతి కంట్రోల్ రూమ్ మ్యాప్‌లోనూ అవి ఎక్కితే పొలాల నడుమ ఉన్నవాడు కూడా చోటు చెప్పగలడు. "సగటున ఇన్ని నిమిషాల్లో చేరాం" అని ఒకే లెక్క చెప్పడమూ మానాలి. ఫోన్ ఎత్తడానికి ఎంత, బండిని కేటాయించడానికి ఎంత, బండి చేరడానికి ఎంత అని మూడూ విడివిడిగా చెప్పాలి. బండివాళ్లు సందు మొదట్లోనే ట్యాబ్‌లో "చేరాం" అని నొక్కి, ఇల్లు వెతకడానికి ఇంకో ఐదు నిమిషాలు పడితే ఆ ఐదూ ఏ లెక్కలోనూ కనిపించవు. కాల్ టేకర్ల సంగతి కూడా చూడాలి. ఒక పసిబిడ్డ ప్రాణం మీదికొచ్చిందన్న కాల్ తర్వాత వెంటనే మోగే ఫోన్, పిల్లలు ఆటకు చేసిందైనా కావచ్చు, ఉరి వేసుకుంటున్నానని చెప్పేదైనా కావచ్చు. నడుమ పది నిమిషాలు లేచి వెళ్లే వీలు వాళ్లకు హక్కుగా ఉండాలి.

ఇక బండి బయల్దేరాక తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది. అది పెట్రోల్ కారు వాళ్లది. స్పామ్ అనుకుని కట్ చేయకండి. ఆ కాసేపు ఎవరికీ ఫోన్లు కలపకండి, లైన్ ఖాళీగా ఉంచండి. వాళ్లడిగితే వాట్సాప్‌లో లొకేషన్ పంపండి. ఒకరిని సందు మొదట్లో నిలబెట్టండి. రాత్రయితే ఫోన్ టార్చ్ వెలిగించి ఊపమనండి.